కొమురయ్యలు బతికుండగా...

'బలగం' చూసి ఏడవనివాళ్ళు చేతులెత్తండి.

ఎవరూ ఎత్తలేదు కదూ? నేనూ ఎత్తను. 2023 మార్చి 3న ఆ చిత్రం విడుదలైన వారంలోనే హైదరాబాదులో చల్లటి హాల్లో కూర్చుని చూశాను. క్లైమాక్సుకు జేబురుమాలు తడిసి ముద్దయింది. పక్కసీటు కుర్రాడు నావైపు వింతగా చూస్తే "కంట్లో నలక పడిందోయ్" అన్నాను. "నాక్కూడానండీ" అన్నాడు వాడు!

రెండోసారి చూసింది కోరుట్ల దగ్గర ఒక పల్లెలో, అదే ఏడాది వేసవిలో. ఊరి నడుమ తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టర్ పెట్టి వేశారు. ఆ రోజుల్లో ఆ వైపు చాలా పల్లెలు ఇలాగే చూశాయి. చాపలు తెచ్చుకున్నవాళ్ళు చాపల మీద, తేనివాళ్ళు మట్టి మీద. ఏసీ లేదు, పాప్ కార్న్ లేదు, దోమలు మాత్రం హౌస్ ఫుల్లు! కొమురయ్య చనిపోయాక పిండం పెడితే కాకి ముట్టదు చూడండి - "పిట్ట ముట్టుడు" అంటారు అక్కడ - ఆ ఘట్టం వచ్చేసరికి ఊరు ఊరంతా ముక్కులు చీదుకుంటోంది.

నా పక్కన భుజాన తువ్వాల వేసుకున్న ఒక తాత కూర్చున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. ఆయన ఒక్కడే ఏడవలేదు. ఆట అయిపోయాక నావైపు తిరిగి అడిగాడు.

"సారూ, గా కాకి ముడుతదా ముట్టదా అని గింతమంది ఏడుస్తున్నరు గదా... గా కొమురయ్య బతికున్నప్పుడు తిన్నవా లేదా అని ఎవలన్న అడిగిండ్రా?"

ఇన్నేళ్ళుగా సినిమాల మీద రాస్తున్నాను. ఇంత సూటి విమర్శ నా కలం నుంచి ఒక్కనాడూ రాలేదు. ఏం చెప్పాలో తెలియక మాట మార్చాను. "అవ్వ సినిమాకు రాలేదా తాతా?" అన్నాను.

"సిరిసిల్లల ఉన్నది, పెద్దోని తాన. పింఛను దినం అస్తది" అన్నాడు.

అప్పుడు ఆ జవాబు నాకు పూర్తిగా అర్థం కాలేదు. మొన్నీమధ్య జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్ళూ తిరిగాకగాని అర్థం కాలేదు. పాఠకులు "హీరోయిన్ ఇంటర్వ్యూ వేయక ఈ ముసలివాళ్ళ గోల ఏమిటి?" అని ఉత్తరాలు రాస్తారని సంపాదకులు హెచ్చరించారు. రాయండి, పరవాలేదు. కాని ఇది కాస్త చదివి రాయండి. ఎందుకంటే ఈ కథలో మీరు కూడా ఒక పాత్ర. అదెలాగో తరువాత చెబుతాను.

విలన్ లేని కథ

'బలగం' తీసిన వేణు యెల్దండి సిరిసిల్ల మనిషి. తన ఊరి పక్క పల్లెల్లోనే సినిమా తీశాడు. అందుకే అందులో నల్లిబొక్క కోసం బావా బావమరుదులు పోట్లాడుకుంటే మనకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. మన ఇళ్ళలో జరిగినవే కదా! చివర్లో గుండెలు పిండేసేలా పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిజమైన జానపద కళాకారులు. ఊరూరా తిరిగి కథలు చెప్పి బతికినవాళ్ళు. మొగిలయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మీద బతికాడు. సర్కారూ, సినిమావాళ్ళూ కొంత ఆదుకున్నారు. 2024 డిసెంబరులో పోయాడు. ముసలితండ్రి చావు మీద పాడి ఊళ్ళను ఏడిపించిన మనిషికి తన చివరి రోజుల్లో పక్కన కూర్చున్నది మళ్ళీ ఆ కొమురమ్మే.

అసలు మన తెలుగు సినిమాకు ఈ సబ్జెక్టు కొత్తదేమీ కాదు. 1972లో 'బడిపంతులు' వచ్చింది. ఎన్.టి.రామారావు, అంజలీదేవి. కొడుకులు తల్లిదండ్రుల్ని చెరొకరు చొప్పున పంచుకుంటారు. ముసలి దంపతులు విడిపోయే ఆ ఘట్టంలో నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఏడవని ప్రాణి లేదని మా నాన్న చెప్పేవారు. అది సినిమా కష్టం, రచయిత కల్పించిన కష్టం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

కోరుట్ల తాత ఆ కష్టంలోనే ఉన్నాడు. (పేర్లు అడగకండి. రాయనని మాటిచ్చాను.)

ఇద్దరు కొడుకులు. ఉన్న మూడెకరాలూ ఇద్దరికీ కాగితాలు చేసి ఇచ్చేశాడు. పెద్దవాడు సిరిసిల్లలో సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. చిన్నవాడు దుబాయిలో ఉన్నాడు. అవ్వకు కంటి ఆపరేషను చేయించాలని పెద్దవాడు సిరిసిల్ల తీసుకుపోయాడు. కన్ను బాగైంది గాని అవ్వ తిరిగి రాలేదు. కోడలు కండెలు చుట్టే పనికి పోతే ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఇక్కడ చిన్నకోడలికి ఇల్లు, గేదె, ఇద్దరు పిల్లలు. ఇంట్లో మగతోడుగా తాత ఉండాలి. ఎవరూ విడదీయలేదు. ఎవరూ "నువ్వు ఇటు, నువ్వు అటు" అనలేదు. ఒక నెల, రెండు నెలలు, మూడేళ్ళు... అలా జరిగిపోయింది.

సినిమావాణ్ణి కదా, విలన్ కోసం వెతికాను. రావు గోపాలరావు లాంటి వాడెవడన్నా దొరుకుతాడేమోనని. దొరకలేదు.

నల్లకోటు లేని కోర్టు

మొదట జగిత్యాల వెళ్ళాను. 2016 అక్టోబరులో కరీంనగర్ నుంచి విడిపోయి జిల్లా అయ్యాక ఆఫీసులన్నీ అక్కడే వెలిశాయి. నేను వెతుక్కుంటూ పోయింది మాత్రం తెలంగాణ ఆల్ సీనియర్ సిటిజన్స్ అసోసియేషన్ వాళ్ళను. పేరు ఇంగ్లీషు గాని మనుషులు అచ్చతెలుగు. రిటైరైన పంతుళ్ళు, గుమాస్తాలు. ఇంట్లో అన్నం పెట్టడం లేదనో, ఆస్తి రాయించుకుని వెళ్ళగొట్టారనో పెద్దవాళ్ళు వస్తే, ముందు కొడుకుల్నీ కోడళ్ళనీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. వినకపోతే ఆర్డీవో దగ్గరికి దరఖాస్తు రాయిస్తారు.

"ఆర్డీవోకు కొడుకులతో ఏం పని?" అన్నాను.

అక్కడున్న ఒక పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని నావైపు చూసిన చూపు నాకు ఎనిమిదో తరగతిని గుర్తు చేసింది. 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. దాని కింద ఆర్డీవోయే ట్రిబ్యునల్. ఆయన కొడుకును పిలిపించి నెలకు ఇంత ఇవ్వమని ఉత్తర్వు చేయొచ్చు. ఎక్కువలో ఎక్కువ నెలకు 10,000 రూపాయలు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ప్లీడరు అక్కర్లేదు. సినిమాల్లో చూసే నల్లకోటు, "యువరానర్" కేకలు, బోను, బల్ల గుద్దుడు ఏమీ ఉండవు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. ఉత్తర్వు అయ్యాక కూడా ఇవ్వకపోతే నెల దాకా జైలు. ఆ ఉత్తర్వు నచ్చకపోతే ముసలివాళ్ళు కలెక్టరుకు మొర పెట్టుకోవచ్చు. సంతకం చేయలేనివాళ్ళ తరఫున వేరొకరో, ఒక సంఘమో దరఖాస్తు పెట్టొచ్చు. సింగపూరులో ఇలాంటి చట్టం 1995లోనే వచ్చిందిట. అంటే ఈ జబ్బు మనొక్కరిదే కాదు!

"కొడుకు దుబాయిలో ఉంటేనో?" అన్నాను, తాతను మనసులో పెట్టుకుని.

"దేశం దాటినా సమన్లు పంపే దారి చట్టంలోనే రాసి పెట్టిన్రు. పోవుడు, అచ్చుడు, ఆలస్యం... అది వేరే సంగతి" అన్నారు పంతులుగారు.

2025 అక్టోబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్తగా గ్రూప్-2 ఉద్యోగాల్లో చేరేవాళ్ళతో మాట్లాడుతూ, తల్లిదండ్రుల్ని చూడని ఉద్యోగుల జీతంలో కొంత కోసి పెద్దవాళ్ళ ఖాతాలో వేసేలా చట్టం తెస్తామన్నారు. హాలంతా చప్పట్లు. మంచిదే. కాని జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో కొడుకుల జీతాలు ఇచ్చేది సర్కారు కాదు. దుబాయి కంపెనీ జీతంలో కోత పెట్టేదెవరండీ?

ఆస్తి సంగతి కూడా పంతులుగారే చెప్పారు. చూస్తామని షరతు పెట్టి ఇచ్చిన ఆస్తి అయితే, చూడనప్పుడు ఆ కాగితం రద్దు చేయించొచ్చు. షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో కేసులో, పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం కనుక దాన్ని ఉదారంగా చదవాలంది. ఏమైనా, కాగితం రాసేటప్పుడే "నన్ను చూసుకోవాలి" అని ఒక్క వాక్యం పడితే తగాదా ఉండదు. ఆ ఒక్క వాక్యం రాయించమని కన్నకొడుకును అడగటానికి మన పెద్దవాళ్ళకు నోరు రాదు. తాత కాగితాల్లోనూ ఆ వాక్యం లేదు.

ఇప్పుడు మీ పాత్ర సంగతి. ఆ చట్టంలో "పిల్లలు" అంటే కొడుకులు, కూతుళ్ళు మాత్రమే కాదు. మైనారిటీ తీరిన మనవలు, మనవరాళ్ళు కూడా! పద్ధెనిమిది నిండిన పాఠకులారా, మీ తాత తలుచుకుంటే మీ పేరున కూడా నోటీసు వస్తుంది. పోస్టరు మీద కాదు సుమా, ఆర్డీవో ఆఫీసులో!

బీడీల వేళ్ళు

జగిత్యాల నుంచి కోరుట్ల బస్సులో అరగంట పైన. బస్సు నిండా అవ్వలే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్ ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. పక్కనే నిలబడ్డ ఒక ముసలాయన కండక్టరుకు చిల్లర లెక్కపెట్టి ఇస్తూ "ముసలోళ్ళు మొగోళ్ళు గూడ అయితరు బిడ్డా" అని గొణిగాడు. బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల... ఈ వైపు ఏ ఊరికి పోయినా గడప ముందు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్ళు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి... మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. మన గంగవ్వ కూడా ఒకప్పుడు బీడీలు చేసిందే తెలుసా! జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. 'మై విలేజ్ షో' యూట్యూబు వీడియోలతో మొదలుపెట్టి, 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా వెళ్ళింది. అరవై దగ్గర పడ్డాక స్టారైన మనిషి దేశంలో ఇంకెవరున్నారో చెప్పండి!

"గంగవ్వ లెక్క మీరు కూడా సినిమాలల్ల చేస్తరా?" అని తాత ఊళ్ళో ఒక అవ్వను అడిగాను, ఆ యాసనే నోట్లో పలికించబోయి.

"మాకెవ్వలు ఫోను పట్టుకుంటరు కొడుకా? పట్టుకునేటోళ్ళందరు మస్కట్ల ఉండె" అంది.

నవ్వించడానికే అంది. కాని ఆ మాట నా వెంట వచ్చింది. ఎందుకంటే ముసలివాళ్ళ కోసం ఉన్నవాటిలో చాలావరకు ఇవాళ ఎవరో ఒకరు ఫోను పట్టుకుంటేగాని అందవు. దేశమంతటికీ ఒక ఉచిత నంబరుంది, 14567. ఎల్డర్ లైన్ అంటారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఎవరైనా పలుకుతారు. కొడితే ఏడిపించే కొడుకు సంగతి నుంచి పింఛను కాగితం దాకా ఏదైనా అడగొచ్చు. డెబ్భై నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. దానికీ ఆధార్, ఓటీపీ కావాలి. నేను మాట్లాడిన పదిమంది ముసలివాళ్ళలో 14567 తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పక్కనే రీల్స్ చూస్తున్న వాళ్ళ మనవలకూ తెలియదు.

అందరికీ తెలిసింది ఒక్కటే. పింఛను.

2014కు ముందు అది నెలకు 200 రూపాయలు. ఆ ఏడాది నవంబరులో తెలంగాణ సర్కారు ఆసరా పేరుతో వెయ్యి చేసింది. 2019లో 2,016 అయింది. బీడీ కార్మికులకు, పీఎఫ్ ఉన్నవాళ్ళకు, విడిగా పింఛను పెట్టారు. నేతన్నలకు, గీత కార్మికులకు యాభై ఏళ్ళకే. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 4,000 ఇస్తామంది. ఆ నాలుగు వేల సంగతి ఎత్తితే పోస్టాఫీసు వరుసలో జరిగే చర్చ అసెంబ్లీలో కూడా జరగదు!

ఒక చిక్కు ఏమిటంటే ముసలి పింఛను ఇంటికి ఒక్కటే. మొగుడికో, పెళ్ళానికో. ఇద్దరికీ ఆకలి అవుతుందని లెక్క రాసినవాళ్ళకు తోచలేదు కాబోలు. తాత ఇంట్లో అవ్వకు బీడీ పింఛను ఉంది. కనుక తాతకు లేదు.

ఇంకొకటి. పల్లెల్లో పింఛను పోస్టు మనిషి చేతుల మీదుగా ఇస్తారు. వేలిముద్ర పడాలి. నలభై ఏళ్ళు ఆకు చుట్టిన వేళ్ళ మీద గీతలు ఎక్కడుంటాయండీ? మిషను మీద ఒత్తి, తుడిచి, ఊది, మళ్ళీ ఒత్తి... 2025లో ముఖం చూసి గుర్తుపట్టే ఏర్పాటు వచ్చాక కొంత నయమట. వేలైనా ముఖమైనా, మనిషి మాత్రం రావాలి.

ఇక్కడే నాకు తాత పాత జవాబు అర్థమైంది. "పింఛను దినం అస్తది."

అవ్వ పింఛను ఊళ్ళోనే ఉంది. అవ్వ సిరిసిల్లలో ఉంది. నెలకు ఒకసారి ఆమె ముఖం చూపించి డబ్బు తీసుకోవాలి. మూడు నెలలు రాకపోతే ఆగిపోతుందని అందరికీ భయం. కాబట్టి నెలకు ఒకసారి ఆమెను ఎవరో ఒకరు తీసుకొస్తారు. వరుసలో నిలబడుతుంది. తాత వచ్చి పక్కన కూర్చుంటాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది.

నెలకు 2,016 రూపాయలు, ఒక పగలు.

సాంచాల చప్పుడులో

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. ఆ దారికి దగ్గర్లోనే హనుమాజీపేట ఉంది. సినారె గారి ఊరు. 1962లో 'గులేబకావళి కథ' పాటలతో మొదలుపెట్టిన మనిషి. అభిమానిని కదా, బస్సు కిటికీలోంచే ఒక నమస్కారం పెట్టుకున్నాను.

సిరిసిల్లలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు గాని మాట వినబడటం కష్టమైంది. పక్క షెడ్డులో సాంచాల చప్పుడు. రెండు గదుల అద్దె ఇల్లు. పెద్దకొడుకు మంచివాడు. నేను వచ్చిన పని చెప్పగానే ముఖం మాడ్చుకుంటాడనుకున్నాను. చాయ్ తెప్పించాడు. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చినన్నాళ్ళు చేతినిండా పని ఉందట. 2024లో ఆ ఆర్డరు లేక సాంచాలు బందైనప్పుడు నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. తరువాత మహిళా సంఘాల చీరల పని వచ్చాక మళ్ళీ ఎక్కాడు.

"బాపును గూడ తెచ్చుకుందమనే ఉంటది సార్. ఏడ పండబెట్టాలె?" అని ఇల్లంతా చేత్తో చూపించాడు. చూపించడానికి ఒక్క చెయ్యి సరిపోయింది.

నేనొస్తున్నానని తెలిసి ఆయన ఇంకో పని సిద్ధంగా పెట్టుకున్నాడు. అమ్మ పింఛను సిరిసిల్లకు మార్పించాలి. మున్సిపాలిటీ కాబట్టి ఇక్కడైతే బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. నెలనెలా ముసలామెను బస్సెక్కించి రెండు గంటలు కుదిపి తీసుకుపోయే బాధ తప్పుతుంది. ఒక రోజు కూలీ మిగులుతుంది. "మీరు పత్రికోళ్ళు గదా, ఆఫీసుల ఒక మాట చెప్పుండ్రి" అన్నాడు.

ఎంత న్యాయమైన కోరిక! నేను సరే అనబోయాను. నోటి దాకా వచ్చింది.

అవ్వ గడపలో కూర్చుని వింటోంది. ఒక్క మాట కూడా అనలేదు. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. బీడీ చేసినట్టే.

"కనుక్కుంటానండీ" అని తప్పించుకున్నాను.

వస్తుంటే సందు మొన దాకా మనవడు వచ్చాడు. డిగ్రీ రెండో ఏడు. 'బలగం' నాలుగుసార్లు చూశాడట. మా పత్రిక కూడా చూస్తాడట, బొమ్మల కోసం. చట్టంలో మనవలు కూడా ఉన్నారని చెప్పాను. "అంటే నేను గూడ ముద్దాయినేనా?" అని నవ్వాడు. తరువాత కొంచెంసేపు నవ్వలేదు. "దరఖాస్తు ఎట్ల రాయాలె సార్?" అని అడిగాడు.

"ఎవరి మీద?"

"ఎవల మీద అద్దు. ఒక్క తాన ఉండాలని రాయస్తదా?"

నాకు తెలియలేదు. జగిత్యాల పంతులుగారికి ఫోను చేశాం. ఆ ఫారంలో నెలకు ఎంత డబ్బు కావాలో రాసే గడి ఉందిగాని, ఇద్దరం కలిసి ఉండాలని రాసే గడి లేదు. అయినా పోషణ అంటే తిండి, బట్ట, ఉండే చోటు, వైద్యం అని చట్టమే చెబుతోంది కనుక ఉండే చోటు దగ్గర రాయండి అన్నారు ఆయన. రాజీ కోసం అందర్నీ కూర్చోబెట్టినప్పుడు మాట్లాడొచ్చు. దుబాయి కొడుకు ఫోనులోనన్నా మాట్లాడకపోడు. చిన్నకోడలి దగ్గరే ఇద్దరూ ఉండి, పెద్దవాడు నెలకు కొంత పంపేలా కుదిర్చిన ఇళ్ళు లేకపోలేదు అన్నారు. "కాని దరఖాస్తు మీద పెద్దమనిషి వేలిముద్ర వడాలె. ఆడనే ఆగిపోతది చాలామందికి" అన్నారు.

మనవడు తెల్లకాగితం మీద రాశాడు. అక్షరాలు ముత్యాల్లా లేవుగాని రాసిన సంగతి ముత్యమే.

పింఛను దినం

ఆ నెల పింఛను రోజున నేను మళ్ళీ ఆ పల్లెలో ఉన్నాను. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద పొద్దున్నుంచే వరుస. తాత తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నాడు. ఆయనకు పింఛను లేదు, వరుసలో పని లేదు. తెల్లటి ధోవతి కట్టుకున్నాడు. కొత్తగా గీయించుకున్న గడ్డం. మీలో ఎవరైనా మొదటి ఆటకు ప్రియురాలి కోసం టిక్కెట్లు తీసుకుని హాలు ముందు నిలబడ్డారా? సరిగ్గా అలాగున్నాడు!

పదకొండు దాటాక అవ్వ బస్సు దిగింది. వెంట మనవడు. తాత లేవలేదు, పలకరించలేదు. తువ్వాలతో గద్దె దులిపాడంతే. ఆమె వచ్చి ఆ దులిపిన చోట కూర్చుంది.

"గేదె ఈనిందా?" అంది.

"ఈనలె. ఇంక పది దినాలు."

"మోకాలు?"

"గట్లనే ఉన్నది."

నలభై తొమ్మిదేళ్ళ కాపురం తరువాత నెల రోజులకు కలిసిన ఇద్దరి సంభాషణ ఇది. సినిమా డైలాగు రైటరుకు ఇస్తే నాలుగు పేజీలు రాసి చెడగొట్టేవాడు.

మనవడు నన్ను పక్కకు పిలిచాడు. కాగితం పొద్దున్నే తాతకు ఫోనులో చదివి వినిపించాడట. రాగానే చేతికిచ్చాడు. స్టాంపు ప్యాడు కూడా తెచ్చాడు. తాత కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో దాచుకున్నాడు. వేలిముద్ర వేయలేదు. చింపనూ లేదు.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఏం తాతా, ఆలోచిస్తున్నావా?" అన్నాను.

"కాయిదం పోతె కొడుకులను పిలుస్తరు గదా సారూ. ఊరంత ఎరుకైతది. చిన్నోడు ఆడ ఎండల పని చేస్తున్నడు. నిమ్మలంగ పని చేసుకోనియ్యాలె" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "గా పింఛను సిరిసిల్లకు మార్సుడు మాత్రం అద్దని చెప్పుండ్రి మావోనికి. మీరు చెప్తె ఇంటడు" అన్నాడు.

"ఏం కారణం చెప్పమంటావు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "కారణం ఏదో ఒకటి మీరే రాసుకోండ్రి. మీరు రాసెటోళ్ళు గదా" అన్నాడు.

అవ్వ వంతు వచ్చింది. పోస్టు మనిషి ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుని "కండ్లు తెరువు అవ్వా, కదలకు" అన్నాడు. ఆమె కొంగు సర్దుకుని, వెంట్రుకలు వెనక్కి దువ్వుకుని, ఫోటో స్టూడియోలో లాగ నిటారుగా నిలబడింది. తాత వేపచెట్టు కింద నుంచి మెడ చాచి చూస్తున్నాడు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. అందులోంచి ఒక అయిదువందల నోటు తీసి, ఎవరూ చూడటం లేదనుకుని ఆయన బనీను జేబులో పెట్టబోయింది. వేళ్ళకు కాగితం తగిలింది.

"ఏందిది?" అంది.

"పింఛను కాయిదం" అన్నాడు తాత.

సిరిసిల్ల వైపు వెళ్ళే బస్సు సాయంత్రం నాలుగున్నరకు. అప్పటికింకా పన్నెండే అయింది.